బస్తర్ గొంతుకలను దాచే ఖర్చు ఎవరిది? డిజిటల్ పరిరక్షణ వెనక ఆర్థిక లెక్కలు

బస్తర్‌లో గోండీ, హల్బీ, దోర్లీ, ధుర్వా మాట్లాడేవారి చరిత్రలో ఎక్కువ భాగం కాగితం మీద లేదు, జ్ఞాపకంలోనే ఉంది. గత పదిహేనేళ్లలో అందులో కొంత రికార్డయింది. ఫోన్లో చెప్పిన వార్తలు, యూట్యూబ్ వీడియోలు, మెమరీ కార్డుల్లోని పాటలు ఇలా పోగైనవే. అయితే ఇవి తాటాకుల కన్నా తొందరగా పాడయ్యే రకం. తాళపత్ర గ్రంథాన్ని అటక మీద మరిచిపోయినా వందేళ్ల తర్వాత దొరకొచ్చు. సర్వర్ అద్దె కట్టడం ఆగిపోతే అందులో ఉన్నది కొద్ది నెలల్లోనే మాయం కావచ్చు. అందుకే దీర్ఘకాల డిజిటల్ పరిరక్షణను సాంకేతిక సమస్యగా కన్నా ముందు డబ్బు సమస్యగా చూడాలి. ఎవరు కట్టాలి, ఎంతకాలం కట్టాలి, కడితే వారికేం లాభం అన్నవే అసలు ప్రశ్నలు.

ఇప్పటిదాకా ఏం పోగైంది?

పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో 'సీజీనెట్ స్వర'ను మొదలుపెట్టారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా సాంకేతిక సాయం చేసింది. బస్తర్ సహా మధ్య భారత ఆదివాసీ ప్రాంతాల వాళ్లు ఇంటర్నెట్ లేకుండా, మామూలు ఫోన్‌తోనే తమ మాటను రికార్డు చేయొచ్చు. ఇతరులు చెప్పింది వినొచ్చు. చెడిపోయిన చేతిపంపు, అందని ఉపాధి కూలి, రాని రేషన్, పండుగ పాట అన్నీ అందులోకి వచ్చాయి. వచ్చిన వాటిని సరిచూసి వెబ్‌సైట్‌లో కూడా పెట్టేవారు. ఆ తర్వాత బ్లూటూత్ ద్వారా ఫోన్ నుంచి ఫోన్‌కు పంచుకునే 'బుల్టూ రేడియో' వచ్చింది.

ఇంకో రకం నిధి స్థానిక విలేకరుల యూట్యూబ్ చానళ్లు. బీజాపూర్ జర్నలిస్టు ముకేశ్ చంద్రాకర్ 'బస్తర్ జంక్షన్' నడిపారు. ఆయన హత్యకు గురయ్యారు. 2025 జనవరి 3న మృతదేహం ఒక సెప్టిక్ ట్యాంకులో దొరికింది. అలాంటి చానల్‌లోని వీడియోలు ఎంతకాలం ఉంటాయన్నది ఒక విదేశీ కంపెనీ నిబంధనల మీద ఆధారపడి ఉంది. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. యూట్యూబ్ వీడియోలున్న ఖాతాలను ప్రస్తుతానికి తొలగించే ఆలోచన లేదని వివరణ ఇచ్చింది. 'ప్రస్తుతానికి' అన్న మాటే ఇక్కడ కీలకం.

ఈ రికార్డుల విలువ సంస్కృతికే పరిమితం కాదు. సల్వాజుడుం 2005లో మొదలయ్యాక వేల మంది ఊళ్లు విడిచి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమి తమ స్వాధీనంలో ఉందని చూపాలి. రాతలో నమోదైన పెద్దల వాంగ్మూలాన్ని కూడా చట్టం కింది నిబంధనలు సాక్ష్యంగా అంగీకరిస్తాయి. అలాంటి చోట ఎవరు ఏ ఊళ్లో ఉండేవారో, ఆ ఊరికి ఏం జరిగిందో చెప్పే పాత రికార్డు ఒక కుటుంబానికి అక్కరకొచ్చే ఆధారం.

ఖర్చు ఎక్కడ ఉంది?

హార్డ్ డిస్క్ కొనడం ఇందులో చిన్న భాగం. ప్రతి ఫైలుకూ కనీసం రెండు మూడు ప్రతులు వేర్వేరు ఊళ్లలో ఉండాలి. అవి చెడిపోలేదని తరచూ పరీక్షించాలి. ఫార్మాట్ పాతబడితే కొత్తదానిలోకి మార్చాలి. అన్నిటికన్నా ఖరీదైనది వివరాలు రాయడం. మాట్లాడింది ఎవరు, ఏ ఊరు, ఏ మాండలికం, దేని గురించి అన్నది గోండీ తెలిసిన మనిషే వినిరాయాలి. అది లేకపోతే వేల గంటల శబ్దం ఉన్నా వెతికితే ఏదీ దొరకదు.

ఒకేసారి మూలనిధి జమచేసి శాశ్వతంగా దాచే పద్ధతి ఒకటుంది. నిల్వ ధర ఏటా తగ్గుతుందన్న నమ్మకమే దానికి పునాది. లెక్క సులువు. మొదటి ఏడు ఖర్చు రూ.100, ఆపై ఏటా 20 శాతం చొప్పున తగ్గుతుందనుకుంటే, ఎన్నేళ్లయినా మొత్తం రూ.500 దాటదు. తగ్గుదల 5 శాతమే అయితే రూ.2,000 కావాలి. అంటే అంచనా తప్పితే నిధి మధ్యలోనే అయిపోతుంది. 2011లో థాయ్‌లాండ్ వరదలకు కర్మాగారాలు మునిగి హార్డ్ డిస్కుల ధరలు తగ్గకపోగా ప్రపంచమంతా పెరిగాయి. పైగా నిల్వ ధర తగ్గినా, వినిరాసే మనిషి జీతం తగ్గదు.

లాభం ఒకరికి, ఖర్చు ఒకరికి

ఈ సమస్యను లోతుగా చర్చించింది అమెరికాలోని బ్లూ రిబ్బన్ టాస్క్ ఫోర్స్. ఆ దేశపు నేషనల్ సైన్స్ ఫౌండేషన్, మెలన్ ఫౌండేషన్ తదితర సంస్థల మద్దతుతో పనిచేసి 2010లో తుది నివేదిక ఇచ్చింది. దాని వాదనలో మూడు విషయాలు బస్తర్‌కు సరిగ్గా సరిపోతాయి.

ఒకటి, పరిరక్షణ కోసమే పరిరక్షణను ఎవరూ కోరరు. రేపు వాడుకోవడానికి దొరకాలని కోరతారు. కాబట్టి వాడకం కనిపించకపోతే డబ్బూ కనిపించదు. రెండు, ఒకరు దాచితే అందరూ వాడుకోవచ్చు. దాంతో ఎవరికి వారు 'ఇంకెవరో దాస్తారులే' అనుకుంటారు. మూడు, ఖర్చు ఇవాళ్టి వారిది, లాభం ఇంకా పుట్టని వారిది. ఆ పుట్టనివారికి బడ్జెట్ సమావేశంలో కుర్చీ ఉండదు.

దాతృ సంస్థల తీరు దీన్ని ఇంకా పెంచుతుంది. కొత్త యాప్, కొత్త వేదిక, కొత్త శిక్షణకు రెండు మూడేళ్ల గ్రాంటు దొరుకుతుంది. పాత రికార్డులు చెడకుండా చూసే పనికి దొరకడం అరుదు. ప్రారంభోత్సవానికి ఫొటో ఉంటుంది, నిర్వహణకు ఉండదు.

చట్టం, పథకాల మధ్య ఖాళీ

అచ్చయిన పుస్తకాన్ని జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నాటి చట్టం ప్రచురణకర్తలను ఆదేశిస్తుంది. ఆ చట్టం అచ్చు ప్రతులను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఆన్‌లైన్‌లోనే పుట్టిన శబ్దం, వీడియో దాని పరిధిలోకి రావు. బ్రిటన్ 2013 నుంచే వెబ్‌సైట్లను కూడా చట్టప్రకారం సేకరిస్తోంది. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయాలు పరిరక్షణ కోసం డిజిటల్ ప్రతి తీసుకోవచ్చని చెప్పింది. కానీ ఆ రచన డిజిటల్ కాని రూపంలో ఆ గ్రంథాలయం దగ్గర అప్పటికే ఉండాలని షరతు పెట్టింది. ఫోన్‌కాల్‌గా పుట్టిన కథనానికి అలాంటి ప్రతి ఎక్కడుంటుంది?

భాషా పథకాల్లోనూ ఇదే పరిస్థితి. అంతరించిపోతున్న భాషల కోసం 2013లో కేంద్రం మొదలుపెట్టిన పథకం, మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ ద్వారా, 10,000 మంది కన్నా తక్కువ మాట్లాడే భాషలపై దృష్టి పెట్టింది. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవారు సుమారు 29.8 లక్షలు, హల్బీ మాట్లాడేవారు 7.6 లక్షలకు పైనే. కాబట్టి ఇవి ఆ పథకంలోకి రావు. ఎనిమిదో షెడ్యూలులోనూ లేవు కనుక షెడ్యూల్డ్ భాషలకు దక్కే నిధులూ రావు. చావుబతుకుల్లో లేవు, గుర్తింపులోనూ లేవు.

మనకు తెలిసిన పాఠాలు

తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేలాది పాత తెలుగు పుస్తకాలు అందులో స్కాన్ అయ్యాయి. కొన్నేళ్ల తర్వాత ఆ వెబ్‌సైట్ మూతపడింది. అప్పటికే ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి ఉండటంతో ఆ పుస్తకాలు ఇవాళ్టికీ దొరుకుతున్నాయి. ప్రజాధనం స్కానింగ్‌కు వచ్చింది, కొనసాగింపు బాధ్యత మాత్రం వేరే దేశంలోని లాభాపేక్ష లేని సంస్థ మీద పడింది.

పద్ధతిగా జరిగిన మార్పిడికి ఉదాహరణ ఎలార్ అనే అంతరించిపోతున్న భాషల ఆర్కైవ్. ఆర్కేడియా నిధులతో లండన్‌లోని సోయాస్‌లో మొదలై, 2021లో బెర్లిన్‌లోని విజ్ఞాన అకాడమీకి మారింది. ఇల్లు మారినా సేకరణ నిలిచింది. ఇంకో మంచి నమూనా ఆదిలాబాద్ జిల్లా గుంజాలది. అక్కడి రాతప్రతుల్లోని గోండీ లిపికి 2018లో యూనికోడ్ స్థానం దక్కింది. ఒకసారి యూనికోడ్‌లో చేరిన అక్షరాన్ని తొలగించరన్నది ఆ సంస్థ నియమం. పరిరక్షణను ఒకరి దయ మీద వదలకుండా ప్రమాణంలో భాగం చేయడమంటే ఇదే.

ఏ ప్రోత్సాహకాలు పనిచేస్తాయి?

మొదటిది గ్రాంటు షరతు. సేకరణకు డబ్బిచ్చే ప్రతి దాత, అందులో ఒక వాటాను నిల్వకు కేటాయించమని, సంస్థ మూతపడితే సేకరణ ఎవరికి చేరాలో ముందే రాసివ్వమని అడగొచ్చు. వీలునామాకు అయ్యే ఖర్చు తక్కువ, అది లేకపోతే జరిగే నష్టం ఎక్కువ.

రెండోది ఉమ్మడి సభ్యత్వం. విద్యా పత్రికలను దాచే క్లాక్స్, పోర్టికో సంస్థలు గ్రంథాలయాలు, ప్రచురణకర్తలు కట్టే చందాలతో నడుస్తున్నాయి. జగదల్‌పూర్‌లో విశ్వవిద్యాలయం ఉంది, మానవశాస్త్ర మ్యూజియం ఉంది. వీటితోపాటు తెలంగాణ, ఆంధ్ర, ఒడిశా గిరిజన పరిశోధన సంస్థలు కలిస్తే తలా కొంత భారమే అవుతుంది. కోయ, గోండీ మాట్లాడేవారికి రాష్ట్ర సరిహద్దు ఎలాగూ అడ్డుకాదు.

మూడోది కృత్రిమ మేధ తెచ్చిన గిరాకీ. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో తెచ్చిన 'ఆది వాణి' అనువాద వేదికలో గోండీ ఉంది. ఇలాంటి వాటికి నమూనా వాక్యాలు, గొంతులు కావాలి. నిన్నటిదాకా ఎవరూ అడగని పాత రికార్డులకు ఇప్పుడు ధర పలికే అవకాశం వచ్చింది. ఆ వాడకానికి రుసుము పెట్టి, దాన్ని ఆర్కైవ్‌కూ మాట్లాడినవారి ఊళ్లకూ చేర్చితే నిర్వహణకు దారి దొరుకుతుంది.

ఇక్కడో జాగ్రత్త కూడా ఉంది. సంఘర్షణ ప్రాంతంలో గొంతు అంటే గుర్తింపు. పదేళ్ల కిందట అధికారి మీదో, సాయుధ బృందం మీదో ఫిర్యాదు చేసినవారు ఇవాళ అది బయట వినపడటం కోరుకోకపోవచ్చు. దాచడం వేరు, అందరికీ తెరవడం వేరు. కొన్ని రికార్డులు ఏళ్ల తరబడి మూసే ఉండాలి. మూసి ఉన్నవాటికి వాడకం ఉండదు కనుక రుసుమూ రాదు. మార్కెట్ ఆదుకోలేని ఆ భాగానికి ప్రజాధనం తప్ప ఇంకో దిక్కు లేదు. ప్రభుత్వం ఖర్చు భరించినా, తాళం మాత్రం ప్రభుత్వం ఒక్కదాని చేతిలోనే ఉండకూడదు. కొన్ని రికార్డుల్లో ఫిర్యాదు ఉన్నది ప్రభుత్వం మీదే.