డీహెచ్‌ఏ (శిశు పోషణలో)

డోకోసాహెక్సయెనోయిక్ ఆమ్లానికి పొట్టి పేరు. 22 కర్బన పరమాణువులు, 6 ద్విబంధాలు ఉన్న ఒమేగా-3 కొవ్వు ఆమ్లం. మెదడు కణాల పొరల్లోనూ కంటి రెటీనాలోనూ దండిగా ఉంటుంది.

కొవ్వు ఆమ్లాల్లో కొన్ని ఆహారం ద్వారానే అందాలని 1929లో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలపై ప్రయోగాలతో చూపారు. డీహెచ్‌ఏను శరీరం కొంత తయారుచేసుకోగలదు గానీ అది బహు స్వల్పం. అవిసె గింజల్లోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంలో చాలా కొద్ది భాగమే డీహెచ్‌ఏగా మారుతుంది.

గర్భం చివరి మూడు నెలల్లో మాయ ద్వారా తల్లి నుంచి బిడ్డకు ఇది ఎక్కువగా చేరుతుంది. అందుకే నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో నిల్వలు తక్కువ. పుట్టాక తల్లిపాలే ఆధారం. పాలలోని శక్తిలో దాదాపు సగం కొవ్వుదే. అందులో డీహెచ్‌ఏ ఎంతన్నది తల్లి తిండిని బట్టి మారుతుంది. చేపలు తినే తల్లుల పాలలో ఎక్కువ. కోస్తాంధ్రలో బాలింతకు పాలసొర అనే సొరచేపను పెట్టే అలవాటుంది. సొరల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి కవ్వల వంటి చిన్న చేపలే మేలు.

ఐరోపా సమాఖ్యలో 2020 నుంచి శిశువుల పాలపొడిలో 100 కేలరీలకు 20–50 మిల్లీగ్రాముల డీహెచ్‌ఏ తప్పనిసరి. అయితే నెలలు నిండి పుట్టిన పిల్లల్లో, పాలపొడికి దీన్ని కలపడం వల్ల తెలివితేటలు పెరుగుతాయని పరిశోధనల్లో స్పష్టంగా తేలలేదు. ఆ ఆశ చూపి తల్లిపాలు మాన్పించడం అన్యాయం. భారత్‌లో 1992 నాటి చట్టం పాలపొడి ప్రకటనలను నిషేధించింది.