సంభాషణలో ధ్యాస: కంప్యూటర్ భాషావగాహనలో ఒక పాయ

మనుషుల మాటను యంత్రం చేత అర్థం చేయించే ప్రయత్నంలో ధ్యాసను లెక్కలోకి తీసుకోవలసిన అవసరం మొదట కంప్యూటర్ల శక్తి చాలకపోవడం వల్లే వచ్చింది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్‌రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నడిపిన బృందం 1970ల్లో హియర్సే-2 అనే వాగ్గ్రహణ వ్యవస్థను రూపొందించింది. అందులో ధ్వనులను, మాటలను, వాక్యనిర్మాణాన్ని పరిశీలించే విభాగాలు తమ తమ ఊహలను నల్లబల్ల అనే ఉమ్మడి జాగాలో నమోదు చేసేవి. వాటిలో దేన్ని ముందు పట్టించుకోవాలో తేల్చే పద్ధతిని హేస్-రాత్, లెసర్ 1977లో వివరించారు.

అదే ఏడాది బార్బరా గ్రోస్ బర్క్‌లీలో సమర్పించిన సిద్ధాంతగ్రంథం అసలు ప్రశ్ననే మార్చివేసింది. ఎయిర్ కంప్రెసర్ బిగించే కొత్తవాడికి నిపుణుడు పని చెబుతున్న సంభాషణలను పరిశీలించి, ఇద్దరి దృష్టిలోనూ ఆ క్షణాన ఉన్న వస్తువుల సముదాయాన్ని యంత్రం విడిగా గుర్తుంచుకోవాలని ఆమె ప్రతిపాదించారు. నల్లగొండ జిల్లా కేతేపల్లిలో ఇద్దరు రైతుల మాటలనే ఉదాహరణగా ఊహించుకోవచ్చు.

“అన్నా, మూసీ గేట్లు ఎత్తిండ్రా?”
“పొద్దుగాల్నే ఎత్తిండ్రు.”
“ఎన్ని?”
“రెండు.”
“మరి మన కాలువకు ఇడిసిండ్రా?”

“ఎన్ని” అన్నది గేట్లనే అడుగుతోంది; కానీ చివరి ప్రశ్నలో విడిచేది నీళ్లు, ఆ మాట ఎవరి నోటా రాలేదు. గేట్లు దృష్టిలోకి రాగానే వాటితోపాటు నీళ్లూ చెప్పకుండానే వచ్చి కూర్చున్నాయన్నమాట. ఇలాంటి అవ్యక్త ధ్యాసకు గ్రోస్ నమూనాలో చోటుంది.

1986లో గ్రోస్, కాండేస్ సిడ్నర్ కలిసి సంభాషణను భాషానిర్మాణం, వక్తల ఉద్దేశాలు, ధ్యాసస్థితి అనే మూడు అంశాలుగా విడదీశారు. కొత్త ప్రస్తావన వచ్చినప్పుడు పాతదాని మీద పేరుస్తూ, అది ముగియగానే తీసివేసే దొంతరగా ధ్యాసస్థితిని చూపారు. ఒక వాక్యం నుంచి తర్వాతి వాక్యానికి ప్రధాన ప్రస్తావన ఎలా సాగుతుందో చెప్పే కేంద్రీకరణ సిద్ధాంతాన్ని గ్రోస్, పుణెలో పుట్టిన అరవింద్ జోషి, స్కాట్ వైన్‌స్టైన్ 1995లో పూర్తి రూపంలో ప్రచురించారు. ఆ సిద్ధాంతం సర్వనామాల మీద ఎక్కువగా ఆధారపడింది. తెలుగులోనైతే కర్త తరచుగా లోపిస్తుంది, పైగా “వచ్చింది” అన్న క్రియ స్త్రీకీ, బస్సుకూ, కరెంటుకూ ఒక్కలాగే సరిపోతుంది కనుక పరీక్ష మరింత కఠినమవుతుంది.

2014లో బహ్దనావ్, చో, బెంజియో యంత్రానువాదం కోసం ప్రవేశపెట్టిన ధ్యాస పద్ధతి వేరే దారిది: అందులో అనువాదంలోని ప్రతి మాటనూ ఎంచుకొనేటప్పుడు మూలవాక్యంలోని ఒక్కొక్క మాటకు ఎంత విలువ ఇవ్వాలో అంకెల్లో లెక్కిస్తారు. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ ఈ లెక్కనే పునాదిగా చేసుకొంది. నేటి సంభాషణ యంత్రాల ధారాళతకు మూలం ఇదే, కాదనలేం. అయితే ఈ అంకెలు మాటకూ మాటకూ మధ్య సంబంధాన్ని కొలుస్తాయే గాని, ఎదుటివాడి దృష్టిలో ఏముందో విడిగా నమోదు చేయవు. పై సంభాషణలో మధ్యన ఫోనొచ్చి, తిరిగొచ్చిన రైతు “మరి దించిండ్రా?” అని అడిగితే, దొంతర నమూనా గేట్ల దగ్గరికి ఏ మెట్టు మీదుగా వచ్చిందో చూపగలదు, ట్రాన్స్‌ఫార్మర్ కూడా సరైన జవాబే ఇవ్వవచ్చు గాని, దాని అంకెలను ఆ జవాబుకు కారణంగా చదవవచ్చునా అన్నదానిపై జైన్, వాలెస్ 2019లో లేవదీసిన వాదం ఇంకా తెగలేదు.