కోసేదీ గోదారే, పోసేదీ గోదారే

మంటలో ఇంకో రెండు కొబ్బరి మట్టలు ఎగదొయ్యరా అబ్బాయ్. ఏట్లో ఆ లంక ఎలా వచ్చింది తాతా అనేగా నువ్వడిగింది? చెప్తా, విను.

నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి, 1465 కిలోమీటర్లు నడుస్తుంది గోదారి. దారిపొడుగునా మట్టి కోసుకుంటూనే వస్తుంది. పాపికొండల్లో రెండు పక్కలా కొండలు నొక్కేస్తాయా, అక్కడ ఒరవడెక్కువ, లోతెక్కువ. పోలవరం దాటి మైదానంలో పడ్డాక వెడల్పవుతుంది, నెమ్మదిస్తుంది. ఇక మోసుకొచ్చిన బరువు దించడం మొదలెడుతుంది. ముందు ముతక ఇసుక, తర్వాత సన్నిసుక, ఆఖర్న ఒండ్రు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి, ఆ రెంటి మధ్యా పోసిన ఒండ్రేరా మన కోనసీమ!

కోత సంగతి 1986 వరదలో కళ్లారా చూశా. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75 అడుగులు దాటింది. ఏరు వంపు తిరిగేచోట ఒరవడంతా బయటి గట్టుకే కొడుతుంది. పైన నేల గట్టిగానే ఉంటుంది, అడుగునున్న ఇసుకని నీళ్లు లాగేస్తాయి. ముందు కొబ్బరి చెట్ల వెనక సన్నగా బీట వేస్తుంది. మర్నాటికి అందులో చెయ్యి దూరుతుంది. ఆనక ధబ్బుమని గట్టు విరిగి, చెట్లు నుంచున్నవి నుంచున్నట్టే ఏట్లోకి దిగిపోతాయి. వరద తీసేటప్పుడే ఇలా విరగడం ఎక్కువ. నాని బరువెక్కిన గట్టుకి అప్పటిదాకా దన్నుగా ఉన్న నీరు తగ్గిపోతుంది గదా!

వంపు లోపలి పక్క నీరు నెమ్మదిగా పారుతుంది. అక్కడ ఇసుక మేట వేస్తుంది. మొదట రెల్లు మొలుస్తుంది. ఆ దుబ్బులు మరుసటి వరదకి ఒండ్రుని పట్టి ఆపుతాయి. ఏడాదికేడాది మెరకవుతుంది. దోస పాదులు పెడతారు, ఆ తర్వాత అరటి, పొగాకు. నువ్వడిగిన లంక అలా లేచిందే.

సముద్రం దాకా ఇదే వరస. కాకినాడ రేవుకి కెరటాల దెబ్బ తగలకుండా అడ్డున్న హోప్ ఐలాండ్ కూడా గోదారి తెచ్చిన ఇసుకే. కెరటాలు దాన్ని పేర్చి పెట్టాయి. కాకపోతే పైన ఆనకట్టలు ఎక్కువయ్యాక ఒండ్రు చాలామటుకు వాటి వెనకే ఉండిపోతోంది. కిందికి దిగేది తగ్గింది గానీ సముద్రం కోత మానలేదు.

రేపు నువ్వు ఇల్లు కట్టుకుంటే వంపు బయటి పక్క స్థలం ఎంత చవగ్గా వచ్చినా కొనకు. లోపలి పక్కే చూసుకో, అదీ మెరక మీద. బేరమాడే ముందు, 86లో అక్కడ నీళ్లు ఎంతెత్తున నిలిచాయో ఆ ఊళ్లో ముసలోళ్లని అడుగు.