ఒడి నుంచి సీటు దాకా



మీది చిక్కబళ్లాపురం కావచ్చు, బాగేపల్లి కావచ్చు, చింతామణి కావచ్చు. ఒక మాట మాత్రం మీ ఇంటి ముందర తప్పకుండా విని ఉంటారు. కారు తలుపులు వేసే ముందు అవ్వ చేతులు చాపి, "బిడ్డను ఇట్లియ్యండి, నేను ఒళ్ళో పెట్టుకుంటా" అంటుంది. బిడ్డను ఇచ్చేస్తాం. కారు కదులుతుంది. ఆ ఒడి గురించీ, కొన్ని దేశాలలో ఆ ఒడి స్థానంలోకి వచ్చిన చిన్న సీటు గురించీ ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు మన ప్రాంతం సంగతి చూద్దాం. మన తాతల కాలంలో చింతామణి చుట్టుపక్కల పల్లెల నుంచి కైవారానికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా ఎద్దుల బండే గతి. బండిలో వరిగడ్డి పరిచి, పైన దుప్పటి వేసి, పిల్లల తల్లిని నడుమ కూర్చోబెట్టేవాళ్ళు. ఎద్దుల నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. చక్రం గుంతలో పడితే అందరూ ఒకరి మీద ఒకరు ఒరిగి నవ్వుకునేవాళ్ళు. పట్నంలో జట్కా ఉండేది. తర్వాత నూరేళ్ళ కిందట చిన్న గేజి రైలు వచ్చి చిక్కబళ్లాపురాన్నీ, శిడ్లఘట్టనూ, చింతామణినీ, కోలారునూ కలిపింది. అదీ తీరుబడిగా పోయే బండే. ఆ వేగాలకు తల్లి ఒడి చాలినంత రక్షణ. అందుకే ఒడి మీద మనకు అంత నమ్మకం. అది తప్పుడు నమ్మకమని నేను అనను. అయితే, ఏ వేగానికి ఆ నమ్మకం పుట్టిందో ఆ వేగం ఇప్పుడు లేదు.

పాత లెక్కలో 7వ నెంబరు, ఇప్పుడు 44వ నెంబరు జాతీయ రహదారి మన బాగేపల్లి మీదుగా హైదరాబాదుకు పోతుంది. అది నాలుగు వరుసల బాట అయింది. 2008 మే నెలలో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరిచారు. ఒకప్పుడు బెంగళూరు పోవాలంటే ఎర్రబస్సు కోసం కాచుకున్న ఇళ్ళవాళ్ళే ఇప్పుడు ఇంటి ముందర కారు పెట్టుకున్నారు. లేకుంటే ఫోను చేసి టాక్సీ పిలిపించుకుంటున్నారు. ఆ బాట మీద ఎనభై, తొంభై వేగం ఎవరికీ వేగమనిపించదు.

ఒక లెక్క చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. యాభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడకు గుద్దుకోవడమూ, పది మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడడమూ ఒకటే. అంటే మూడంతస్తుల మిద్దె మీద నుంచి పడ్డట్టు. ఆ క్షణంలో కారు అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి, పది కిలోల బిడ్డ దాదాపు రెండు వందల కిలోల బలంతో ముందుకు దూసుకుపోతాడు. రెండు వందల కిలోలు! పొలంలో ఎంత కష్టం చేసిన చేతులైనా ఆ బరువును పట్టి ఆపలేవు. ప్రేమ చాలక కాదు, కండ చాలక. పైగా ఒడిలో పెట్టుకున్నవాళ్ళు బెల్టు వేసుకోకపోతే, వాళ్ళ బరువంతా బిడ్డ మీదనే పడుతుంది.

2023 అక్టోబరు 26 తెల్లవారుజామున చిక్కబళ్లాపురం శివారులో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆంధ్ర వైపు నుంచి బెంగళూరుకు పోతున్న టాటా సుమో, మంచులో, రోడ్డు పక్కన నిలిపిన ట్యాంకరును గుద్దింది. పదముగ్గురు చనిపోయారు. పండగకు ఊరికి పోయి పనికి తిరిగి వస్తున్న మనవంటి జనం. అంత గుద్దుకు ఏ సీటైనా కాపాడి ఉండేదని నేను చెప్పను. నంది కొండల చలికాలపు మంచు, నిలిచిన లారీలు, బండి నిండా జనం, ఇవి మూడూ కలిసే బాట మనది అని మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఇక ఆ సీటు కథ. దీని మొదలు వింటే మీకు నవ్వొస్తుంది. 1930ల దశకంలో అమెరికాలో అమ్మిన పిల్లల సీట్లు రక్షణ కోసం చేసినవి కానే కావు. బిడ్డ అటూ ఇటూ పాకకుండా ఒకచోట ఉండాలి, కిటికీలో నుంచి బయటికి కనబడాలి, బండి నడిపే తండ్రికి అడ్డం రాకూడదు. అంతే. ముందు సీటు వీపుకు రెండు కొక్కేలతో తగిలించే ఇనుప చట్రమూ, దానికో గుడ్డా. కొన్నింటికి ఆడుకోవడానికి బొమ్మ స్టీరింగు కూడా ఉండేది. గుద్దుకుంటే బిడ్డతో పాటు సీటు కూడా ఎగిరిపోయేది.

1959లో స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్, ఇప్పుడు మనం వేసుకునే మూడు చోట్ల పట్టే బెల్టును తయారు చేశాడు. ఆ కంపెనీ దాన్ని మిగతా కంపెనీలు కూడా వాడుకోవడానికి వదిలేసింది. మంచి పనే చేసింది. కానీ ఆ బెల్టు పెద్దవాళ్ళ కొలతకు చేసింది. పసిబిడ్డకు వేస్తే మెడ మీదికి వస్తుంది, లేదా కడుపు మీదికి జారుతుంది. 1962లో ఇంగ్లండులో జీన్ ఏమ్స్, అమెరికాలోని డెన్వర్ పట్నంలో లెనర్డ్ రివ్‌కిన్, ఎవరి దారిన వాళ్ళు, గుద్దుకున్నప్పుడు బిడ్డను పట్టి ఉంచే సీట్ల కోసం పూనుకున్నారు.

స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు వేరే దిక్కున ఆలోచించాడు. అంతరిక్షానికి పోయే వ్యోమగాములు వెల్లకిలా పడుకొని, వచ్చే ఒత్తిడినంతా వీపు మీద పరుచుకుంటారని ఆయన గమనించాడు. బిడ్డను కూడా వెనక్కి తిప్పి కూర్చోబెడితే? పుట్టిన బిడ్డ ఒళ్ళంతా కొలిస్తే అందులో నాలుగో వంతు తలకాయే. మెడ ఎముకలు ఇంకా ముదరలేదు. ముందుకు చూస్తూ కూర్చుంటే, గుద్దుకున్నప్పుడు ఒళ్ళు బెల్టులో నిలిచిపోతుంది, తల ఒక్కటే ముందుకు ఊగుతుంది. వెనక్కి తిరిగి కూర్చుంటే తలా, మెడా, వీపూ ఒకేసారి సీటు వీపులో ఒరుగుతాయి. 1964లో ఆయన అటువంటి సీటు నమూనా చేశాడు. మన ఇళ్ళలో పసిబిడ్డను ఎత్తుకునేటప్పుడు తల కింద చెయ్యి పెట్టమని పెద్దవాళ్ళు చెబుతారే, ఆ చెయ్యి పనే ఆ సీటు వీపు చేస్తుంది.

సీటు తయారయింది సరే, జనం వాడాలి కదా! 1971లో అమెరికా ప్రభుత్వం మొదటి ప్రమాణం పెట్టినా, నిజంగా గుద్దించి చూసే పరీక్ష 1981 దాకా తప్పనిసరి కాలేదు. ఈలోగా టెనెసీ రాష్ట్రంలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు, ఒక కౌంటీ ఆరోగ్యశాఖకు అధికారి, భార్యతో కలిసి శాసనసభ్యుల వెంట పడ్డాడు. పసిపిల్లలను సీటులో కట్టి తీసుకుపోవాలని చట్టం చేయించాడు. 1978 జనవరి 1న అది అమలులోకి వచ్చింది. ఆ దేశంలో అటువంటి చట్టాలలో అదే మొదటిది.

అయితే శ్రోతలారా, ఆ చట్టంలో ఒక సందు ఉండిపోయింది. ఏమిటంటారా? బిడ్డను చేతుల్లో ఎత్తుకుంటే సీటు అక్కరలేదు! అక్కడి సభ్యులు కూడా మన అవ్వల మాటే అన్నారన్నమాట: తల్లి ఒడి కంటే భద్రమైన చోటు ఇంకేముంటుంది? ఆ సందు పూడ్చడానికి శాండర్స్‌కు మరో మూడేళ్ళు పట్టింది. 1981లో ఆ మినహాయింపు తీసేశారు. 1985 నాటికి ఆ దేశంలోని అన్ని రాష్ట్రాలలో ఏదో ఒక రూపంలో ఇటువంటి చట్టం వచ్చింది. ఒడి మీద నమ్మకం మన పల్లె జనం అజ్ఞానమని ఎవరైనా అంటే, ఈ టెనెసీ కథ వాళ్ళకు చెప్పండి.

చట్టం తర్వాత ఇంకో చిక్కు బయటపడింది. సీటు కొంటున్నారు, తప్పుగా బిగిస్తున్నారు. అక్కడి రహదారి భద్రత శాఖ చూసిన వాటిలో దాదాపు సగం సీట్లకు ఏదో ఒక లోపం ఉంది. అందుకే 1990ల చివర నుంచి, సీటు బిగించడం నేర్పడానికే మనుషులకు ప్రత్యేకంగా తరిఫీదు ఇచ్చి పత్రాలు ఇస్తున్నారు. చాలా ఊళ్ళలో ఆసుపత్రిలోనో, ఫైర్ స్టేషన్‌లోనో అటువంటివాళ్ళు దొరుకుతారు. కానుపుకని అమెరికాకు పోయి వచ్చిన మన అవ్వలను అడిగి చూడండి. బిడ్డను ఇంటికి పంపే రోజున నర్సు సీటు సంగతి అడగడం వాళ్ళకు బాగా గుర్తుంటుంది.

మన దేశంలో కార్ల ముందు సీట్లకు 1994లో, వెనక సీట్లకు 2002లో బెల్టులు తప్పనిసరి చేశారు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను బెల్టుతోగానీ పిల్లల సీటుతోగానీ కట్టి కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జుల్మానా. 2023 ఫిబ్రవరి నుంచి మోటారు సైకిలు మీద నాలుగేళ్ళ లోపు పిల్లలకు నడిపేవారికి కట్టే పట్టీ, హెల్మెటు ఉండాలి, వేగం నలభై దాటకూడదు. నియమాలున్నాయి. బిగించి చూపించే మనిషే మన తాలూకాల్లో కరువు.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా కూతురు పది నెలల బిడ్డతో విమానం దిగింది. దాని చేతిలో బిడ్డ, తోపుడు బండి మీద సీటు. నేను ఆ సీటును డిక్కీలో పడేశాను. "గంటన్నర దారికి ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా, మీ అమ్మ ఒడి లేదా" అన్నాను. చిక్కబళ్లాపురం బైపాసులో ఒక గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. బిడ్డ నుదురు మాత్రం ముందు సీటుకు తగిలి బొప్పి కట్టింది. మా ఇంటావిడ బాగేపల్లి చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గేదె దూరంగా ఉండబట్టి బొప్పితో పోయింది.

మరుసటి రోజు ఊళ్ళో ఒక కారు సామాన్ల అంగడిలో ఆ సీటు బిగించమని అడిగాను. అంగడి మనిషి బెల్టును సీటు చుట్టూ తాడు చుట్టినట్టు చుట్టి, అయిపోయిందన్నాడు. నేను డబ్బులిచ్చి వచ్చాను. ఇంటి దగ్గర మా ఇంటావిడ దాన్ని రెండు చేతులా పట్టి లాగింది. చీర ఉయ్యాల కట్టినప్పుడు దూలానికి వేసిన ముడిని లాగి చూసి గదా మనం బిడ్డను వేస్తాం. అట్లా లాగింది. సీటు జానెడు కదిలింది. "ఇందులో నేను బిడ్డను వెయ్యను" అనేసింది.

ఆ సాయంత్రం కూతురు మా ఇద్దరికీ నేర్పింది. మీకూ చెబుతాను. బెల్టు పోవలసిన దారి సీటు మీద గుర్తు వేసి ఉంటుంది. ఆ దారినే పోనివ్వాలి. సీటు మీద మోకాలు ఆనించి, బరువు వేసి, బెల్టును బిగించాలి. తర్వాత బెల్టు పోయే చోట పట్టుకొని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. మన కార్ల బెల్టులు చాలావరకు కుదుపు వచ్చినప్పుడే బిగుసుకుంటాయి, మామూలుగా వదులవుతూనే ఉంటాయి; కాబట్టి బెల్టును పట్టి ఉంచే బిగింపు సీటుకే ఉందో లేదో కొనేటప్పుడే చూడాలి. మీ కారులో వెనక సీటు సందున ఐసోఫిక్స్ అనే ఇనుప కడ్డీలు ఉంటే పని సులువు. సీటును వాటికి తగిలిస్తే టక్కుమని చప్పుడవుతుంది.

బిడ్డ భుజాల మీది పట్టీలను వేళ్ళతో గిల్లితే మడత రాకూడదు. చలికి మందపాటి స్వెట్టరు వేసి కట్టారంటే పట్టీ బిగువుగా కనిపిస్తుంది గానీ లోపల వదులే. కట్టిన తర్వాత పైన దుప్పటి కప్పండి. వెనక్కి తిరిగే సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టవద్దు. ఎయిర్‌బ్యాగ్ విప్పుకుంటే నేరుగా బిడ్డ తల వెనకే తగులుతుంది. రెండేళ్ళ దాకా, సీటు కొలత ఒప్పుకుంటే ఇంకా ఎక్కువకాలం, వెనక్కి తిరిగే ఉండనివ్వండి. "కాళ్ళు ఇరుకు" అంటారు పెద్దలు. కాళ్ళు మడుచుకోవడం పిల్లలకు కష్టం కాదు.

కొనడానికి బెంగళూరు పోతే మీ కారులోనే పోండి, బిడ్డనూ తీసుకుపోండి. మీ కారులో పెట్టి చూపించనంటే ఆ అంగడి వదిలేయండి. సీటు మీద యూరప్ పరీక్ష నెంబరు ఉన్న నారింజ రంగు చీటీగానీ, మన దేశపు ప్రమాణం ఏఐఎస్ 072 గుర్తుగానీ ఉందా చూడండి. ఎక్కువ ధర పెట్టి కొన్నది అనుకోవద్దు, మీ కారులో కదలకుండా కూర్చునేదే మంచి సీటు. చుట్టాల సీటు వాడుకోవచ్చు, కానీ ఆ కారు ఎక్కడైనా గుద్దుకుందా అని మొహమాటపడకుండా అడగండి. గుద్దుకున్న సీటు పైకి బాగున్నా పనికి రాదు. కారు కొన్న షోరూములో సర్వీసుకు పోయినప్పుడు ఐసోఫిక్స్ కడ్డీలు ఎక్కడున్నాయో చూపించమనండి. టీకాలకు పోయినప్పుడు పిల్లల డాక్టరును అడగండి. పదిమంది అడిగితే పదకొండోవారికి ఆయనే చెబుతాడు. మీ వీధిలో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో పిల్లలను పెంచి సెలవుకు వచ్చినవాళ్ళు ఉంటే కాఫీకి పిలిచి, కారు దగ్గరికి తీసుకుపోండి.

మా మనవడి తిరుగు ప్రయాణం నాడు సీటును మా ఇంటావిడే లాగి చూసి సరేనంది. వాడు బాగేపల్లి టోలుగేటు దాకా ఊరంతా వినబడేట్టు ఏడ్చాడు. ఎత్తుకోమని చేతులు చాపాడు. వాళ్ళ అవ్వ పక్కనే కూర్చొని, వాడి కాలు పట్టుకొని, ఎత్తుకోకుండా, ఏదో పాట పాడుతూ ఉంది. ఎంత కష్టపడి కూర్చుందో నాకు తెలుసు. పెరేసంద్ర దాటేసరికి వాడు నిద్రపోయాడు.