పిసినారి చేతికి కలం

సాహిత్యం పిసినారిని చూసి నవ్వింది. అతనిచేతే రాయించాలన్న ఆలోచన మాత్రం వైద్యులకు వచ్చింది, అదీ చాలా ఆలస్యంగా.

1842లో వెలువడిన గోగోల్ ‘మృతజీవులు’లో ప్ల్యూష్కిన్ అనే భూస్వామి ఉన్నాడు. దారిలో కనబడ్డ పాత చెప్పు అడుగు, గుడ్డపేలిక, ఇనుపమేకు, ఏదైనా ఏరుకొచ్చి గది మూల పోగేస్తాడు. కొట్లలో మాత్రం అర్ధబానిసలు పండించిన ధాన్యం కుళ్ళిపోతుంది. గోగోల్ వెక్కిరించి ఊరుకోలేదు. భార్య చావు, పిల్లల ఎడబాటు, ఒంటరితనం ఆ మనిషినెలా తయారుచేశాయో కూడా చెప్పాడు. అయినా లోకానికి మిగిలింది లోభి బొమ్మే. రష్యన్లు ఈ జబ్బును నేటికీ ప్ల్యూష్కిన్ పేరుతోనే పిలుస్తారు. మన లుబ్ధావధాన్లు వేరే జాతి. అతనికి రూపాయి విలువ బాగా తెలుసు. దొంగనిల్వల వ్యాపారి కూడా అంతే, ధర పెరగగానే సరుకు వదులుతాడు. ఈ రోగి ఏ ధరకూ వదలలేడు. ఈ తేడా చెరిపేసిన విమర్శ విమర్శ కాదు.

1947 మార్చిలో న్యూయార్క్ హార్లెంలో ఒక ఇంట్లోంచి పోలీసులు హోమర్ కాలియర్ శవాన్ని తీశారు. తమ్ముడు లాంగ్లీ శవం ఏప్రిల్‌లో గాని దొరకలేదు, అదీ అన్న చనిపోయిన చోటికి పది అడుగుల దూరంలోనే. దొంగల కోసం తాను పన్నిన ఉచ్చే కూలి, సామాను కింద పడి చనిపోయాడు. ఆ ఇంట్లోంచి వంద టన్నులకు పైగా సామాను, పద్నాలుగు పియానోలు తీశారు. గుట్టలకొద్దీ వార్తాపత్రికలు కూడా. అన్నకు చూపు పోయింది. తిరిగి వచ్చాక చదువుకుంటాడని తమ్ముడు దాచిన పత్రికలవి! పత్రికలవాళ్ళు దీన్ని వింతగా అమ్ముకున్నారు. అదే ఏడు ఎరిక్ ఫ్రామ్ కూడబెట్టే స్వభావాన్ని వ్యక్తి దుర్గుణంగా గాక, సమాజం పోతపోసిన స్వభావంగా వివరించాడు. 1975లో కొందరు వైద్యులు ఇటువంటి వృద్ధుల స్థితికి, ఏమీ దాచుకోని డయోజెనిస్ పేరు పెట్టడం హాస్యాస్పదం.

1990ల్లో రాండీ ఫ్రాస్ట్, అతని సహచరులు రోగుల మాట విన్నారు. ఇది పారేస్తే జ్ఞాపకం పోతుంది, రేపు అవసరమైతే ఏం గతి, వృథా చేయడం పాపం: ఆ మాటల్లో భయం ఉంది. 2013లో అమెరికా మనోవైద్యుల పట్టికలో హోర్డింగ్ డిజార్డర్ ప్రత్యేక వ్యాధిగా చేరింది.

రాత దారి వేరే. 1986లో పెన్నెబేకర్, బీల్ 46 మంది విద్యార్థులతో నాలుగు రోజులపాటు రోజుకు పదిహేను నిమిషాలు రాయించారు. మనసులోని గాయాన్ని, దాని బాధతో సహా రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో వైద్యుని దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. ఎక్స్‌పోజర్ చికిత్సలోని రాత దీనికి భిన్నం. ఇందులో గుండెబరువు దించుకోవడం ప్రధానం కాదు. వస్తువును వదిలేస్తే జరుగుతుందని తాను భయపడే అతిఘోరాన్ని, కళ్ళముందే జరుగుతున్నట్టు రాయాలి. మళ్ళీ మళ్ళీ రాయాలి. భయం నుంచి పారిపోకుండా దానితో కూర్చుంటే పట్టు సడలుతుందన్నది సిద్ధాంతం.

హోర్డింగ్ రోగులకు ఈ పద్ధతి ఉపయోగపడుతుందా అని ప్రశ్నిస్తూనే 2021లో అమెరికాలో ఒక చిన్న పరిశీలన వెలువడింది. కొద్దిమంది రోగుల వివరాలవి. రాయనివారితో పోల్చి చూసింది కాదు. దాన్ని చూపి రచన రోగాలు కుదురుస్తుందని మన రచయితలు మురిసిపోనక్కరలేదు. ఆ రాతను ఎవరూ శైలి కోసం చదవరు. రాసిన మనిషి ఆ తర్వాత పాత పత్రికల కట్ట ఒక్కటి గుమ్మం దాటించగలిగాడా అన్నదే అక్కడి పరీక్ష.