ప్రకృతి రచనయు జీవనోపాధియు

ప్రకృతిశాస్త్రమును అభ్యసించి, తెలిసికొన్నదానిని సరసమైన వచనమున వెలయించి, ఆ రెంటిచేతనే జీవనము గడపుట యనునది మిక్కిలి ఇటీవలి వృత్తి. 1789లో సెల్బోర్న్ గ్రామపు ప్రకృతి చరిత్రను వెలువరించిన గిల్బర్ట్ వైట్ పాదిరి. 1862-64 నడుమ భారతదేశపు పక్షులపై మహాగ్రంథమును ప్రకటించి, అందు తెలుగు పేర్లను సైతము పొందుపరచిన జెర్డన్, నెల్లూరున వైద్యాధికారిగా నుండినవాడు. బొంబాయి రాజధానిలోని ప్రాణులను గూర్చి హాస్యస్ఫోరకముగా వ్రాసిన ఐట్కెన్ సుంకము, ఉప్పు శాఖల ఉద్యోగి. పక్షులు వీరికి అన్నము పెట్టలేదు. వీరి జీతములే పక్షులపై వ్యయమయ్యెను.

ప్రకృతి రచన, జీవనోపాధి యను ఈ రెండు పాయలును ఏకమైనది అమెరికాలో, అదియు ఒక సర్కారు కచేరీలో ననుట విచిత్రము. 1932లో జంతుశాస్త్రమున ఎం.ఎ. పట్టమందిన రేచల్ కార్సన్, కుటుంబభారము మీద పడగా, మత్స్యశాఖవారి రేడియో ప్రసంగములు వ్రాయుటకు కుదిరి, 1936లో ఆ శాఖయందే జీవశాస్త్రజ్ఞురాలిగా స్థిరపడెను. శాఖవారి చిన్న పుస్తకమునకై ఆమె రచించిన పీఠికను చదివిన పై యధికారి, ఇది సర్కారు ప్రచురణకు పనికిరాదనియు, ‘అట్లాంటిక్ మంత్లీ’కి పంపుమనియు చెప్పెను, 1937లో అది ఆ పత్రికలో అచ్చయ్యెను. కచేరీలలో ఇంత రసజ్ఞమైన తిరస్కారము అరుదు! అయినను 1941 నాటి తొలి గ్రంథము యుద్ధపు సందడిలో అమ్ముడుపోలేదు. పగలు ఇతరుల నివేదికలను సంస్కరించుచు, రాత్రులు తన రచన సాగించుచు వచ్చిన ఆమె, 1951లో ‘మన చుట్టునున్న సముద్రము’ వెలువడి 86 వారములు ‘న్యూయార్క్ టైమ్స్’వారి అత్యధిక విక్రయ గ్రంథముల జాబితాలో నిలిచిన పిమ్మట గాని, 1952లో ఉద్యోగమును విడువలేదు. 1962లో డి.డి.టి. మున్నగు క్రిమిసంహారకములను ఎండగట్టిన ‘నిశ్శబ్ద వసంతము’న ఆధారముల పట్టికకే ఏబది పుటలకు పైగా పట్టుట ఆ కచేరీ శిక్షణ ఫలమే, రసాయన సంస్థలు ఆగ్రహించినప్పుడు పోగొట్టుకొనుటకు ఆమెకు జీతము లేకుండుటయు మేలే యయ్యెను.

మన దేశమున ఈ త్రోవ త్రొక్కిన మా. కృష్ణన్, తమిళ నవలాకారుడగు మాధవయ్య కుమారుడు, ఆ మాధవయ్యయు ఉప్పు శాఖవాడే (లవణమునకును ప్రకృతి వాఙ్మయమునకును ఏమి బంధమో!). వృక్షశాస్త్రము చదివిన కృష్ణన్, సండూరు సంస్థానపు కొలువు ముగిసిన పిదప వేరొక ఉద్యోగమును ఆశ్రయింపక, కలమును కెమెరాను నమ్ముకొని, 1950 మొదలు 1996లో కన్నుమూయువరకు, ‘స్టేట్స్‌మన్’ పత్రికలో పక్షమునకొకమారు ‘కంట్రీ నోట్‌బుక్’ శీర్షికను నడపెను.