ఆకు మందు, లెక్క పుస్తకం

ఈ నివేదికలో మన పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు చూశారు. ఈ వ్యాసం కూడా లెక్కల గురించే, కానీ డబ్బు లెక్క కాదు. రొమ్ములో గడ్డకు మనుషులు చెట్టూ చేమా నుంచి మందు వెతికిన చరిత్ర ఇది. చైనాలో మొదలై, మన ఎచ్చెర్లలో చేతిలో ఉన్న ఫోను దాకా వస్తుంది.

రాయిలాంటి గడ్డ

చైనాలో చెన్ జిమింగ్ అనే వైద్యుడు 1237లో ఆడవారి జబ్బుల మీద పెద్ద గ్రంథం రాశాడు. రొమ్ములో రాయిలా గట్టిపడే గడ్డ సంగతి అందులో ఉంది. అక్కడివాళ్లు దాన్ని "రొమ్ము రాయి" అన్నారు. తర్వాతి శతాబ్దంలో జు డాన్‌షీ అనే ఇంకో వైద్యుడు, మొగుడితో, అత్తమామలతో పొసగక లోలోపల కుమిలిపోయే ఆడదానికి ఈ జబ్బు వస్తుందని రాశాడు. ఆడదాని కష్టాన్ని ఆయన చూశాడు, అది మెచ్చుకోవాలి. కానీ జబ్బుకు కారణం అదేనంటే నింద మళ్లీ ఆమె మీదికే వస్తుంది. ఇప్పటికీ "ఏ పాపం చేసిందో" అనే మాటకు భయపడి గడ్డను దాచుకునేవాళ్లు ఉన్నారు.

1596లో లీ షిజెన్ గ్రంథం అచ్చయింది. 27 ఏళ్లు తిరిగి, చదివి, 1,892 మందు దినుసుల వివరాలు అందులో రాశాడు. ఏ ఆకు దేనికి వాడతారో అందులో ఉంది. ఆ ఆకు ఎంతమందికి ఇచ్చారు, ఎంతమంది బతికారు అనే లెక్క మాత్రం అప్పట్లో ఎవరూ కట్టేవారు కాదు.

ఉమ్మెత్త మత్తు

ఆ లెక్కకు దగ్గరగా వచ్చినవాడు జపాన్ వైద్యుడు హనావోకా సేషూ. చైనా వైద్యం, ఐరోపా శస్త్రచికిత్స రెండూ నేర్చుకున్నాడు. మన చేల గట్లమీద పెరిగే ఉమ్మెత్త జాతి మొక్కను, వసనాభిని, మరికొన్ని మూలికలను కలిపి మత్తుమందు చేశాడు. అందుకు సుమారు 20 ఏళ్లు పట్టింది. ఆ ప్రయోగాలకు ఒళ్లప్పగించిన ఆయన భార్య కాయె చూపు పోగొట్టుకుందని చరిత్ర చెబుతుంది. 1804 అక్టోబరు 13న, 60 ఏళ్ల కాన్ ఐయా అనే ఆమెకు ఆ మందు తాగించి, నొప్పి తెలియకుండా రొమ్ములోని గడ్డ తీశాడు. అమెరికాలో ఈథర్ మత్తు అందరికీ చూపించింది 1846లో, అంటే 42 ఏళ్ల తర్వాత. కాన్ ఐయా కొన్ని నెలలకే చనిపోయింది. అయినా ఆయన ఆగలేదు. తర్వాత 150 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగుల పేర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టాడు. ఆ పేర్ల పట్టిక ఉండబట్టే, ఆపరేషన్ తర్వాత ఎవరు ఎన్నాళ్లు బతికారో ఈనాటి వైద్యులు వెనక్కి వెళ్లి చూడగలిగారు.

ఒక్క మాట: ఉమ్మెత్త విషం. ఎవరూ ఇంట్లో ప్రయత్నించకూడదు.

చెట్టు నుంచి సూదిమందు

చైనాలో "సంతోషాల చెట్టు" అని పిలిచే చెట్టు ఒకటి ఉంది. దాన్నుంచి 1966లో అమెరికాలో మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వానీ తదితరులు కాంప్టోథెసిన్ అనే పదార్థం తీశారు. దాన్ని రోగులకు ఇస్తే ఒంటికి తట్టుకోలేనంత హాని చేసింది, అందుకని ఆపేశారు. చాలా ఏళ్ల పని తర్వాత దాని రూపం మార్చారు. ఆ కుటుంబపు మందును జోడించిన ఒక సూదిమందుకు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ రొమ్ము క్యాన్సర్లలో ఒక మొండి రకానికి. వాల్, వానీలే యూ అనే చెట్టు బెరడు నుంచి పాక్లిటాక్సెల్ కనిపెట్టి 1971లో ప్రకటించారు. రొమ్ము క్యాన్సర్‌కు అది 1994లో అమెరికాలో అనుమతి పొందింది.

చెట్టులో మందు ఉన్న మాట నిజమే. అది మందుగా మారడానికి మాత్రం మోతాదు, పరీక్ష, రాసిన లెక్క కావలసి వచ్చాయి. మూడూ లేని పసరు కట్టుకుని ఆరు నెలలు ఆగితే, ఆ ఆరు నెలలూ గడ్డ పెరుగుతుంది.

మన పుస్తకం, మన ఫోను

లెక్క విలువ మనకు కొత్త కాదు. 2000లో వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. అంతకుముందు ఎవరికి ఎంత ఇచ్చామో నోటి లెక్కే. తర్వాత మినిట్స్ పుస్తకం, పొదుపు పుస్తకం వచ్చాయి. 2011లో స్త్రీనిధి వచ్చాక అప్పు అడగడం ఫోనులోకి వెళ్లింది. చదువు రాని అప్పలకు మొదట భయమేసింది. "నా డబ్బు ఆ గాజు పలకలో ఎక్కడుందే?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. అది మంచి ప్రశ్నే. పుస్తకంలో తప్పు పడితే ఫోనులోనూ తప్పే పడుతుంది. అందుకే ఎంట్రీ చేశాక పైకి చదివి వినిపించే అలవాటు వదులుకోకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.

వైద్యమూ ఇదే దారిలో వచ్చింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ ముందుగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. క్యాన్సర్ ఆపరేషన్, కీమో అందులో ఉన్నాయి. అనుమతులు కంప్యూటర్‌లోనే నడుస్తాయి కాబట్టి కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోవాలి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

అదే ఫోనులో "ఈ చైనా వేరు క్యాన్సర్‌ను కరిగిస్తుంది" అనే వీడియోలూ వస్తాయి. అప్పు అడిగినామెను మనం ఏమి అడుగుతాం? ఎంత, దేనికి, ఎప్పుడు కడతావు, సాక్షి ఎవరు అని. ఆ వీడియోనూ అలాగే అడగండి: ఎంతమందికి ఇచ్చారు, ఎంత మోతాదు, ఎంతమంది బతికారు, రాసినవారెవరు? జవాబు లేకపోతే డబ్బు పంపకండి. చికిత్సలో ఉన్నవారు ఏ మూలిక వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి. కొన్ని మూలికలు కీమో మందుతో పడవు.

30 ఏళ్లు దాటిన ఆడవారికి రొమ్ము పరీక్ష ఏఎన్ఎం దగ్గరే మొదలవుతుంది. గడ్డ, చనుమొన నుంచి రక్తం, చర్మం లోపలికి గుంటపడటం కనిపిస్తే "ఏటౌతాదిలే" అనుకోవద్దు. నొప్పి లేదని ఊరుకోవద్దు, మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. ప్రతి సంఘం నెలకోసారి మినిట్స్ పుస్తకంలో ఒక్క వరుస చేర్చుకుంటే చాలు: ఈ నెల పరీక్షకు ఎవరెవరు వెళ్లారు. ఏమి తేలిందో మాత్రం అందులో రాయవద్దు, అది ఆమె సొంత విషయం. వెళ్లనివారి ఇంటికి ఒకరు వెళ్లి తోడు తీసుకెళ్లండి.